కాన్పు గదిలో పక్కన ఎవరుండాలి?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటున్నాం. ఇది తొలిచూలు, 27వ వారం నడుస్తోంది. ఆనవాయితీ ప్రకారం జగిత్యాలలోని తల్లిగారింటికి వెళ్లాల్సింది కానీ, నాన్నకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు. అమ్మ ఆయన్ను వదిలి రాలేదు, నేను వెళ్లి ఆమెకు ఇంకో భారం కాలేను. అందుకని కాన్పు ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అనుకున్నాం. మావారు పక్కన ఉంటానంటున్నారు గానీ రక్తం చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి. డబ్బు తీసుకుని కాన్పు సమయంలో తోడుండే డౌలాను పెట్టుకుందామంటే మా అత్తమ్మ "పైసలిచ్చి పరాయిదాన్ని పక్కన కూసోబెట్టుకునుడేంది, నేను లేనా?" అని చిన్నబుచ్చుకున్నారు. డాక్టరుగారేమో "అప్పుడు చూద్దాంలెండి" అన్నారు. ఇప్పటికి ఇద్దరు డౌలాలను కలిశాను. మొదటామె మా ఆఫీసులో ఒకరికి స్నేహితురాలు, చాలా అనుభవం ఉందట. 45,000 అడిగారు. తన దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక్కరికీ పెద్దాపరేషన్ కాలేదనీ, తన మాట వింటే ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) అవసరమే రాదనీ చెప్పారు. రెండో ఆమె ఇప్పటికి 14 కాన్పులకు తోడున్నారు. 30,000 అడిగారు. నాకు నెలలు నిండే సమయంలోనే వాళ్లింట్లో పెళ్లి ఉందనీ, ఆ మూడు రోజుల్లో నొప్పులొస్తే తన జోడీ డౌలా వస్తారనీ ముందే చెప్పారు. నిజంగా నాకు డౌలా అవసరమా? అవసరమైతే ఎవరిని ఎంచుకోవాలి? వద్దనుకున్నవారికి ఆ మాట ఎలా చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్న వాక్యం మీ అత్తమ్మగారిది. "నేను లేనా?" అని ఆవిడ అడిగింది కోపంతో అయినా, మీరు తేల్చుకోవలసిన విషయం సరిగ్గా అదే. నొప్పులు మొదలైన గడియ నుంచి బిడ్డ మీ గుండెల మీదికి చేరే దాకా మధ్యలో లేచి వెళ్లకుండా, తాను భయపడకుండా, మిమ్మల్ని భయపెట్టకుండా మీ పక్కన ఎవరుంటారు, ఆ మనిషిని ఆసుపత్రివారు లోపలికి రానిస్తారా అన్నది ముందు తేలాలి. ఆ మనిషి డౌలాయే కావాలా, ఇంకెవరైనా సరిపోతారా అన్నది దాని తర్వాతి మాట.

డౌలా అనేది సేవకురాలు అనే అర్థం ఉన్న గ్రీకు మాట. బాలింతకు పాలివ్వడంలో తోడ్పడే స్త్రీని ఉద్దేశించి డానా రఫేల్ అనే మానవశాస్త్రవేత్త 1970ల్లో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. తర్వాత అది కాన్పు సమయంలో తోడుండే స్త్రీకి పేరైంది. మన ఊళ్లలో మంత్రసాని ఈ తోడూ ఇచ్చేది, కాన్పూ చేసేది. డౌలా కాన్పు చేయదు. లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె చప్పుడు చూడదు, మందులు ఇవ్వదు, మీ తరఫున నిర్ణయాలు తీసుకోదు. శ్వాస తీసుకునే తీరు గుర్తుచేయడం, ఏ భంగిమలో నొప్పి ఓర్చుకోవడం తేలికో చూసి అటు తిప్పడం, నడుము నొక్కడం, గుటకగుటకగా నీళ్లు తాగించడం, రెండు గంటలకోసారి మూత్రానికి లేపడం, డాక్టరు చెప్పింది మీకు అర్థమైందో లేదో కనుక్కుని అర్థం కాకపోతే మళ్లీ అడిగే ధైర్యం ఇవ్వడం ఆమె పని. మిడ్‌వైఫ్ వేరు. ఆమె నర్సింగ్ చదివి, ప్రసవం చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన వైద్య సిబ్బందిలో ఒకరు. మన రాష్ట్రంలో 2017లో కరీంనగర్‌లో ప్రభుత్వం ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో, యూనిసెఫ్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మీరు వెళ్లే ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు ఉండి, ఒక్కో గర్భిణికి ఒకరు చొప్పున వెంట ఉండే పద్ధతి ఉంటే డౌలా అవసరం చాలా వరకు తగ్గిపోతుంది. ఈ సంగతి ముందే కనుక్కోండి.

నేను 11 ఏళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా పనిచేసి, ఆ తర్వాత నుంచి గర్భిణులకు ప్రసవ సన్నాహ తరగతులు చెబుతున్నాను. డౌలా అనే మాట వినకముందే డౌలా పని ఎలా ఉంటుందో ఒక నైట్ డ్యూటీలో చూశాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి తోడుగా ఆమె చిన్నమ్మ వచ్చింది. ఆ చిన్నమ్మకు చదువు రాదు. స్టూలు మీద కూర్చుని, నొప్పి వచ్చినప్పుడల్లా రెండు అరచేతుల మడమలతో ఆ పిల్ల నడుము కింది భాగాన్ని అదిమి పట్టుకునేది. నొప్పి దిగగానే తడి తువ్వాలుతో మెడ తుడిచి "ఇంకోటి పోయింది బిడ్డా" అనేది. ప్రతి నొప్పికీ అదే మాట, అదే గొంతు. పక్క మంచాల మీదివాళ్లు కూడా ఆ మాట కోసం చెవి ఒగ్గినట్టు నాకనిపించింది. ఆ రాత్రి అంతమంది మధ్య నా చేతిలో ఉన్న పనుల వల్ల ఒక్కొక్కరి దగ్గర నేను అయిదు నిమిషాలకు మించి నిలబడలేకపోయాను. ఏ లేబర్ రూమ్‌లోనైనా నర్సు ఎంత మంచిదైనా ఆమెకు ఇంకో మంచం, ఇంకో కేసు షీటు, డ్యూటీ మారే వేళ తప్పవు. ఆ ఖాళీని పూరించే మనిషి గురించే మనం మాట్లాడుకుంటున్నాం.

ఇది వట్టి ఊరట మాత్రమే కాదని పరిశోధనలు చెబుతున్నాయి. 1980లో గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో క్లౌస్, కెన్నెల్ అనే వైద్యులూ వారి సహచరులూ నొప్పులతో వచ్చిన తొలిచూలు గర్భిణుల పక్కన ముందు పరిచయం లేని ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టి చూస్తే, ఒంటరిగా ఉన్నవారికంటే వారికి నొప్పుల కాలం బాగా తగ్గింది. 2017లో వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను, 15,000 మందికి పైగా స్త్రీల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఎడతెగని తోడు ఉన్నవారికి సిజేరియన్ అవకాశం సుమారు నాలుగో వంతు తగ్గింది, నొప్పుల కాలం సగటున 40 నిమిషాలు తగ్గింది, తమ కాన్పు గురించి బాధగా చెప్పుకునేవారూ తగ్గారు. సిజేరియన్‌లో తగ్గుదల డౌలా తరహా తోడు ఉన్నచోట ఎక్కువగా కనిపించింది. తాము కోరుకున్న సొంత మనిషి తోడున్నప్పుడు స్త్రీల తృప్తి పెరిగింది. ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోండి, మీ ఇంటి సమస్యకు ఇవి పనికొస్తాయి. అయితే ఆ అధ్యయనాలు రకరకాల దేశాల్లో, రకరకాల ఆసుపత్రుల్లో జరిగినవి కాబట్టి డౌలా ఉంటే మీకు మామూలు కాన్పు ఖాయమని వాటి నుంచి ఎవరూ తేల్చలేరు.

డౌలాను ఎంచుకునే ముందు ఆసుపత్రి సంగతి తేలాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం మన రాష్ట్రమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. దేశం మొత్తం మీద అన్ని కాన్పుల్లో కలిపి సిజేరియన్లు 21.5 శాతమే. ఈ అంకెలు చూసి భయపడమని కాదు. కొన్ని సిజేరియన్లు తల్లినీ బిడ్డనూ బతికిస్తాయి, అలాంటి ఆపరేషన్లకు నేనే దగ్గరుండి సిద్ధం చేసిన సందర్భాలు ఎన్నో. కానీ ఒక ఆసుపత్రి పద్ధతి మొదటి నుంచీ ఆపరేషన్ వైపే మొగ్గి ఉంటే, మంచం పక్కన నిలబడ్డ ఒక మనిషి నడుము నొక్కి దాన్ని మార్చలేదు. మార్చబోతే గదిలో గొడవే మిగులుతుంది. ఆ గొడవ మధ్యలో నొప్పులు పడేది మీరు. డౌలాకు ఇచ్చే డబ్బు తప్పు ఆసుపత్రిని సరిచేయడానికి ఖర్చు కాకూడదు.

"అప్పుడు చూద్దాం" అనే జవాబుతో సరిపెట్టుకోకండి. డాక్టరుగారు నిర్లక్ష్యంగా అన్నారని నేను అనుకోను. రోజుకు ఎంతోమందిని చూసేవారికి మీ ప్రశ్న దూరంగా కనిపించి ఉంటుంది. 28 వారాల చెకప్‌కు వెళ్లినప్పుడు మీవారినీ తీసుకువెళ్లి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి. నొప్పులు పడే గదిలోకి ఎంతమందిని రానిస్తారు? ఒకరినేనా, ఇద్దరినా? ఆ ఒక్కరూ మారవచ్చా, అంటే కాసేపు భర్త, కాసేపు డౌలా ఉండవచ్చా? రాత్రిపూట కూడా ఇదే నియమమా? అంతా బాగున్నంతసేపు నొప్పుల్లో లేచి నడవనిస్తారా, మంచం మీదే పడుకోమంటారా? అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు నొప్పులు వాటంతట అవి రావడానికి ఎన్ని వారాల వరకు ఆగుతారు? మీ డాక్టరు ఆ సమయంలో లేకపోతే ఎవరు చూస్తారు? ఇవి అడిగేటప్పుడు డౌలా మాటను మొదటే తెచ్చి వాదనగా చేయవద్దు. "నాకు తోడు కావాలి, మీ నియమం ఏమిటో ముందే తెలిస్తే సిద్ధపడతాం" అంటే చాలా మంది డాక్టర్లు సూటిగానే చెబుతారు. తర్వాత లేబర్ రూమ్ ఇన్‌ఛార్జి సిస్టర్‌ను కలిసి అవే ప్రశ్నలు మళ్లీ అడగండి. డాక్టరు ఒప్పుకున్నా, అర్ధరాత్రి గేటు దగ్గర సెక్యూరిటీవారు అటెండెంట్ పాస్ ఒక్కటే అని ఆపేసిన సందర్భాలు నాకు తెలుసు. ఒప్పుకున్న మాటను మీ ఫైలులో ఒక వాక్యంగా రాయించుకుంటే ఆ రాత్రి మీ మనిషి బయట కుర్చీలో మిగిలిపోదు.

కాన్పు సమయంలో తమకు నచ్చిన మనిషి తోడుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో స్పష్టంగా సూచించింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడును అనుమతించింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయితే మంచిదనీ, చాటు ఉన్న గదుల్లో భర్తనూ రానివ్వవచ్చనీ చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రి నియమం దాని ఇష్టమే అయినా, ఈ సంగతులు తెలిసి అడగడానికీ తెలియక అడగడానికీ తేడా ఉంటుంది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. ఆసుపత్రివారు ఇద్దరిని రానిస్తే డౌలాను పెట్టుకోండని నా సలహా. మీ అమ్మగారు పక్కన లేరు, ఇది తొలి కాన్పు, మీవారికి రక్తం అంటే భయం. ఈ మూడూ కలిసినచోట శిక్షణ పొందిన ఒక స్థిరమైన మనిషి ఉండటం మీకు మాత్రమే కాదు, మీవారికీ ఊరట. కళ్లు తిరిగే మనిషిని తలవైపు ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎప్పుడు బయటికి పంపి టీ తాగి రమ్మనాలో మంచి డౌలాకు తెలుసు. ఒక్కరినే రానిస్తామంటే మాత్రం ఆలోచించాలి. ఆ ఒక్కరుగా మీవారే ఉండాలని మీ మనసుకు అనిపిస్తే ఆయన్నే ఉంచుకోండి. డౌలాతో ముందు రెండు మూడు సార్లు కూర్చుని ఇద్దరూ నేర్చుకోండి. నొప్పులు మొదలైన తొలి గంటల్లో ఇంటి దగ్గర ఆమె సాయం తీసుకుని, ఆసుపత్రికి వెళ్లాక ఫోన్‌లో ఉండేలా తక్కువ ఫీజుకు మాట్లాడుకోవచ్చు. చాలా మంది ఇందుకు ఒప్పుకుంటారు. ఇవేవీ కుదరని ఆసుపత్రి అయితే, 27 వారాలంటే ఇంకా మార్చుకునేందుకు సమయం ఉన్నట్టే.

అత్తమ్మగారి విషయంలో ఒక మాట చెప్పనివ్వండి. ఆవిడ ముగ్గురినో నలుగురినో కని ఉంటారు, ఆ జ్ఞాపకాల్లో మీకు చెప్పని బాధలూ ఉండి ఉంటాయి. నా తొలి కాన్పు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. గోడ గడియారం వైపు చూస్తూ తొమ్మిది గంటలు ఒంటరిగా గడిపాను. అది గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నేను ఈ తరగతులు మొదలుపెట్టడానికి ఆ రాత్రే కారణం. అలాంటి రాత్రి ఒకటి మీ అత్తమ్మగారికీ ఉందేమో అడిగి చూడండి. "అత్తమ్మా, మీ కాన్పప్పుడు పక్కన ఎవరుండిరి?" అని అడిగితే, డౌలా గురించి మీరు చెప్పే పది మాటలకంటే ఆవిడ చెప్పే జవాబు మీ ఇద్దరినీ దగ్గర చేస్తుంది. ఆవిడ చేయగల పని నిజంగా చాలా ఉంది. తొలి నొప్పులు మియాపూర్ ఇంట్లోనే గంటల తరబడి సాగవచ్చు. అప్పుడు వేడి నీళ్లు పెట్టడం, జావ తాగించడం, మీతో పాటు హాల్లో అటూ ఇటూ నడవడం, నిద్రపోనివ్వడం ఆవిడ చేతి పనే. డౌలా మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆవిడను కూడా కూర్చోబెట్టండి. నడుము ఎలా నొక్కాలో డౌలా ఆవిడకు చూపితే, పరాయి మనిషి అనే భావన ఆ రోజే సగం తగ్గుతుంది. అయితే ఆవిడ భయస్తురాలు, లేదా "మా వదినకు ఇట్లనే అయ్యి పోయింది" లాంటి కథలు చెప్పే అలవాటు ఉంటే, లేబర్ రూమ్‌లోకి వద్దని మీవారే చెప్పాలి. ఆ మాట కోడలి నోటి నుంచి రాకూడదు.

ఇక ఎంపిక. మొదటామె మాటల్లో నన్ను ఆపినవి రెండు. ఒక్కరికీ పెద్దాపరేషన్ కాలేదన్నారు. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుగా ఉన్నప్పుడు, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు, తల్లి బీపీ అదుపు తప్పినప్పుడు ఎంత మంచి డౌలా ఉన్నా ఆపరేషన్ చేయాల్సిందే. నిజంగా ఎక్కువ మంది కాన్పులకు తోడున్న మనిషి జీవితంలో ఇవేవీ ఎదురుకాకుండా ఉండటం కుదరదు. అంటే ఆమె తోడున్న కాన్పులు కొద్దివైనా అయ్యుండాలి, చెప్పనివి కొన్ని అయినా ఉండాలి. ఎపిడ్యూరల్ అవసరమే రాదన్న మాట మరీ ప్రమాదం. నొప్పి మీది, దాన్ని ఎంతవరకు భరించాలన్న నిర్ణయమూ మీదే. రేపు పదిహేను గంటల తర్వాత మీరు ఎపిడ్యూరల్ కావాలంటే, ముందే వద్దని నిశ్చయించుకున్న మనిషి కళ్లల్లో మీకు నిరాశ కనిపిస్తుంది. ఆ సమయంలో ఆ చూపు ఎవరికీ అక్కర్లేదు. ఎపిడ్యూరల్ తీసుకున్నా డౌలా పని అయిపోదు. పక్కకు తిప్పుతూ ఉండటం, కాళ్ల మధ్య దిండు సర్దడం, మీరు నిద్రపోతే మెలకువగా ఉండటం అప్పుడూ ఉంటాయి.

రెండో ఆమె పెళ్లి సంగతి చెప్పినందుకే నాకు ఆమె మీద నమ్మకం కలిగింది. నెలలు నిండే సమయం ఎవరి చేతిలోనూ లేదు. తనకు జ్వరం రావచ్చు, ఇంకో గర్భిణికి అదే రాత్రి నొప్పులు రావచ్చు. అలాంటప్పుడు ఎవరు వస్తారో చెప్పలేని డౌలా దగ్గర అనుభవం ఎంత ఉన్నా ఆ రాత్రి మీకు అక్కరకు రాదు. 14 కాన్పులు తక్కువ అని మీరు అనుకుంటున్నారేమో. నాకు అది చాలినంతగానే తోస్తోంది. కాకపోతే ఆ 14లో ఎన్ని ఆపరేషన్‌కు వెళ్లాయో, అప్పుడు తానేం చేశారో అడగండి. ఆపరేషన్ థియేటర్‌లోకి డౌలాను సాధారణంగా రానివ్వరు కాబట్టి, బయట ఆ తల్లి భర్త పక్కన కూర్చున్నానో, తర్వాత బిడ్డను పాలకు పట్టించడంలో సాయం చేశానో ఆమె చెప్పగలగాలి. శిక్షణ ఎక్కడ, ఎన్ని రోజులు తీసుకున్నారో కూడా అడగండి. మన దేశంలో డౌలాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ లేదు. నర్సులకు, మిడ్‌వైఫ్‌లకు ఉన్నట్టు కౌన్సిల్ లేదు. కాబట్టి సర్టిఫికెట్ ఒక్కటే చూసి సరిపెట్టుకోలేం. ఈ మధ్య ఆరు నెలల్లో ఆమె తోడున్న ఇద్దరు తల్లులతో ఫోన్‌లో మాట్లాడించమనండి. వాళ్లను "బాగా చూసుకుందా?" అని అడిగితే అందరూ బాగానే అంటారు. "ఆమె చేసిన పనుల్లో మీకు అక్కర్లేదనిపించింది ఏదైనా ఉందా?" అని అడగండి.

మీరు రాయని విషయం ఒకటి ఉంది, ఆమె మీతో ఏ భాషలో మాట్లాడతారని. నొప్పి తీవ్రమైనప్పుడు ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో ఉద్యోగం చేసే అమ్మాయిలు కూడా అమ్మ భాషలోకి వచ్చేస్తారు. "బ్రీత్" అంటే వినబడదు, "మెల్లగ, నోట్లకెంచి గాలి ఇడువు" అంటే ఒళ్లు వింటుంది. ఆ ఒక్క సంగతికి నేను సర్టిఫికెట్‌కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

రెండోసారి కలిసినప్పుడు మాటలతో ఆపకండి, పని చేయించి చూడండి. మీరు మంచం అంచు మీద చేతులు ఆన్చి ముందుకు వంగితే, ఆమె వెనక నుంచి రెండు అరచేతులతో మీ తుంటి ఎముకలను రెండు వైపుల నుంచీ లోపలికీ పైకీ నొక్కాలి. మీవారిచేత కూడా అలాగే నొక్కించమనండి. అప్పుడు ఆమె చేతులు ఎలా ఉన్నాయి, ఒత్తిడి సరిపోయిందా అని అడిగారా, మీరు వద్దంటే వెంటనే వదిలేశారా, మీవారికి ఓపికగా నేర్పారా, తానే లాక్కుని చేశారా అన్నవి చూడండి. ఆ పది నిమిషాల తర్వాత మీ ఒళ్లు తేలికపడిందా, బిగుసుకుందా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఏ డౌలా అయినా సరే, డాక్టరు రాసిన బీపీ మాత్రలు మానమని, స్కాన్ వద్దని, నొప్పులు రావడానికి ఆముదమో మరో మందో తాగమని, ఆసుపత్రికి వీలైనంత ఆలస్యంగా వెళ్లమని పట్టుబడితే ఆ రోజే ఆపేయండి. రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ఉమ్మనీరు పోవడం, అది ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉండటం కనిపిస్తే డౌలాకు ఫోన్ చేసి ఆమె జవాబు కోసం ఆగకండి. నేరుగా ఆసుపత్రికి బయలుదేరి దారిలో ఆమెకు చెప్పండి. మియాపూర్ నుంచి మీ ఆసుపత్రి బంజారాహిల్స్ వైపైతే సాయంత్రం ట్రాఫిక్‌ను కూడా లెక్కలో పెట్టుకోవాలి.

డబ్బు గురించి ఎక్కువ రాయను. 15,000 తేడా కోసం నచ్చని మనిషిని పెట్టుకోవద్దు, ఎక్కువ ఇస్తే మంచిదని కూడా అనుకోవద్దు. ఏ వారం నుంచి రాత్రింబవళ్లు ఫోన్‌కు అందుబాటులో ఉంటారు, కాన్పుకు ముందు ఎన్నిసార్లు కలుస్తారు, ఆసుపత్రిలో ఎన్ని గంటలు ఉంటారు, ఆ గంటలు దాటితే అదనంగా అడుగుతారా, ముందే నిర్ణయించిన సిజేరియన్ అయితే ఎంత వాపసు ఇస్తారు, జోడీ డౌలా వస్తే ఆమెకు వేరే ఇవ్వాలా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. సగం ముందు, సగం కాన్పు తర్వాత అన్న పద్ధతి ఇద్దరికీ మేలు. ఆ జోడీ డౌలాను కూడా ఒకసారి ముందే కలవడం మరచిపోకండి.

బాలింత రోజుల కోసం వేరే మనిషి ఇప్పుడే అక్కర్లేదు. మీ అమ్మగారు రాలేకపోయినా అత్తమ్మగారు ఉన్నారు. రోజంతా ఉండి బిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించేవారిని కొందరు ఏజెన్సీలవారు డౌలా అని చెప్పి పంపుతుంటారు, ఆ పని వేరు, ఈ పని వేరు. ముర్రుపాలు పట్టించడంలో తొలి రెండు రోజులు డౌలా ఒకసారి వచ్చి చూసేలా ఒప్పందంలో పెట్టుకుంటే చాలు.

మొదటామెకు వద్దని చెప్పడం గురించి మీరు మరీ బరువుగా తీసుకున్నట్టున్నారు. ఆమె మీ ఆఫీసు స్నేహితురాలికి తెలిసినవారు కాబట్టి ఆ స్నేహితురాలి ద్వారా చెప్పించవద్దు, మాట మారిపోతుంది. కారణాలు చెప్పి చర్చ పెట్టవద్దు. "మేడమ్, మీరు సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. మేము ఆలోచించుకుని వేరే ఏర్పాటు చేసుకున్నాం" అని మీరే ఒక సందేశం పంపండి. ఆమె ఫోన్ చేసి ఎందుకని అడిగితే "ఇంట్లో అందరం కలిసి అనుకున్నాం అండీ" అంటే సరిపోతుంది. 28 వారాల చెకప్ అయ్యి, ఆసుపత్రివారి జవాబు చేతికి వచ్చాకే ఆ సందేశం పంపండి. ఎంతమందిని రానిస్తామన్నారో నాకు మళ్లీ రాయండి, ఒక్కరినే అంటే మీవారికి నేర్పవలసినవి విడిగా రాసి పంపుతాను.